ఆ మంగళవారం ఆమ్‌స్టర్‌డామ్‌లో

ఆఖెన్‌లో చదువుకున్నవాళ్ళకి విదేశం వెళ్ళడం పెద్ద విషయం కాదు. జర్మనీకి పడమటి అంచున, నెదర్లాండ్స్, బెల్జియం సరిహద్దులు వచ్చి కలిసేచోట ఉంటుంది ఆ ఊరు. మాతో చదివేవాళ్ళలో కొందరు అద్దె తక్కువని వాల్స్ అనే డచ్చి ఊళ్ళో ఉంటూ, రోజూ సిటీ బస్సెక్కి జర్మనీలో క్లాసులకి వచ్చేవాళ్ళు. ఆదివారం జర్మనీలో షాపులన్నీ మూసేస్తారు కాబట్టి పాలో పెరుగో అయిపోతే మేం అదే బస్సెక్కి నెదర్లాండ్స్ వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. "ఎక్కడున్నావురా" అని అమ్మ ఫోన్లో అడిగితే "పక్క దేశంలో, పెరుగు కొంటున్నా" అని చెప్పడం నాకు భలే సరదాగా ఉండేది. అమ్మ మాత్రం ప్రతిసారీ "పాస్‌పోర్టు జాగ్రత్త" అనేది.

అందుకే 2017 జూన్‌లో ఒక కాన్సర్ట్ కోసం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్దామనుకున్నప్పుడు మాకది ఫారిన్ ట్రిప్పులా అనిపించలేదు. తెల్లవారుజామున బస్సు, అర్ధరాత్రి బస్సు, మధ్యలో ఒక ఊరు, ఒక బ్యాండు. హోటల్ ఖర్చు లేదు. మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ ఉంది, దానికి అందుకోవాలి. అంతవరకే ప్లాను. కాకపోతే ఆ బ్యాండు అమెరికన్ రాక్ బ్యాండు లింకిన్ పార్క్.

ఆ పేరూ ఆ తేదీ చెప్పగానే వినేవాళ్ళ మొహం మారిపోతుంది. మేం చూసింది జూన్ 20న. జూలై 20న ఆ బ్యాండు గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ చనిపోయాడు. "అయ్యో, ఆఖరి టూరా! ఎంత అదృష్టవంతులురా మీరు" అంటారు. ఆ మాటలో జాలి, అసూయ రెండూ ఉంటాయి. ఇక నేను ఆ రోజు గురించి ఏం చెప్పబోయినా చివరికి పరామర్శగానే తేలుతుంది. నిజానికి ఆ రోజులో దిగులన్నదే లేదు. ఎండ, నడక, చవక తిండి, కీచులాటలు, గొంతు పోయేలా అరుపులు. అది జరిగింది జరిగినట్టుగా ఒకసారి రాసి పెట్టుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

ముందు కాకినాడ సంగతి చెప్పాలి. నా ఇంజనీరింగ్ అక్కడే. హాస్టల్లో ఇంగ్లీషు పాటలంటే సీనియర్ల హార్డ్ డిస్కుల్లోంచి మాకు సంక్రమించినవే. పెన్‌డ్రైవ్ పట్టుకుని గది గదికీ తిరిగి కాపీ చేసుకునేవాళ్ళం. ఏ డిస్కులో చూసినా లింకిన్ పార్క్ ఆల్బమ్‌లు రెండు, 2000లో వచ్చిన "హైబ్రిడ్ థియరీ", 2003లో వచ్చిన "మెటియోరా" తప్పకుండా ఉండేవి. సగంమందిమి పదో తరగతి దాకా తెలుగు మీడియం. బ్యాండులో ఇంకో గాయకుడు మైక్ షినోడా ర్యాప్ ఒక్క ముక్క అందేది కాదు. కానీ చెస్టర్ అరిచినప్పుడు దానికి డిక్షనరీతో పని ఉండేది కాదు. బ్యాక్‌లాగ్ వచ్చినవాడు, ప్రేమలో దెబ్బ తిన్నవాడు, ఊరి మీద బెంగ పెట్టుకున్నవాడు, ఏ బాధా లేకపోయినా ఉన్నట్టు కనబడాలనుకున్నవాడు, అందరూ రాత్రి పన్నెండుకి "ఇన్ ది ఎండ్" పెట్టుకునేవాళ్ళే. కాలేజీ ఫెస్ట్ వస్తే చాలు, ఎవరో ఒకరు స్టేజీ ఎక్కి "నంబ్" పాడేవాళ్ళు. ఒక్కడంటే ఒక్కడు సరిగ్గా పాడగా నేను వినలేదు. అయినా అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం.

వాళ్ళు ఇండియా వస్తున్నారంటూ అప్పుడప్పుడూ ఫేస్‌బుక్‌లో ఒక పుకారు లేచేది. రాలేదు. లింకిన్ పార్క్‌ని కళ్ళారా చూడటం అనేది మా హాస్టల్లో ఎవరి ఊహల్లోనూ లేదు.

ఆఖెన్‌లో మా ఫ్లాట్‌లో నాతోపాటు కరీంనగర్ అబ్బాయి ఒకడుండేవాడు. మా బ్యాచ్‌లోనే వైజాగ్ అమ్మాయి ఒకతి. ముగ్గురిలో అసలు సిసలు అభిమాని ఆ అమ్మాయే. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య కొన్న క్యాసెట్ అరిగిపోయేదాకా వినిందట. పాట మొదలై రెండు సెకన్లు గడవకముందే పేరు చెప్పేసేది. టూర్ తేదీలు వచ్చిన రోజున లైబ్రరీలో నా పక్కన కూర్చుని, నన్ను మాట వరసకి కూడా అడక్కుండా, మూడు టికెట్లు కొనేసింది. "డబ్బులు నెల జీతం వచ్చాక ఇవ్వండ్రా" అంది. జీతం అంటే ఏం లేదు, డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్ దగ్గర వారానికి కొన్ని గంటల పని. హివి అంటారు అక్కడ. ఆ టికెట్ నా గది అద్దెలో నాలుగో వంతు. రెండు వారాలు బయట కాఫీ మానేశాను.

ఈలోగా మే 19న వాళ్ళ కొత్త ఆల్బం "వన్ మోర్ లైట్" వచ్చింది. ఇంట్లో గొడవ మొదలైంది. పాత అరుపులు లేవు, గిటార్ వెనక్కి పోయింది, అంతా పాప్. "గిటార్ ఏడబోయిందిరా? ఇది లింకిన్ పార్కేనా, ఇంకెవలన్ననా?" అని మా కరీంనగర్ వాడు ప్లేటు ముందు కూర్చుని రోజూ సాధించేవాడు. వాడొక్కడే కాదు, ప్రపంచమంతా పాత అభిమానులు అలాగే తిట్టారు. బ్యాండు వాళ్ళు కూడా ఇంటర్వ్యూల్లో చికాకు పడ్డారు. వైజాగ్ అమ్మాయి మాత్రం "మీకు పదిహేడేళ్ళప్పుడు నచ్చిన పాటే వాళ్ళు నలభై ఏళ్ళొచ్చినా పాడాలా?" అని వాడి నోరు మూయించేది. అప్పట్లో నేను వాడి పక్షం. ఇప్పుడా ఆల్బం వింటుంటే ఆ అమ్మాయి అన్నదే సబబనిపిస్తుంది, అదీ చెస్టర్ పోయాడని కాదు. పాటలు బాగున్నాయి, అంతే.

ఇంకొక విషయం. ఆ జూన్ 15 నుంచే యూరోపియన్ యూనియన్‌లో రోమింగ్ ఛార్జీలు ఎత్తేశారు. అప్పటిదాకా వాల్స్‌లో బస్సు దిగుతూనే ఫోన్‌లో డేటా ఆపేయడం మాకు అలవాటు. మరిచిపోతే బిల్లు వాచిపోయేది. మా ప్రయాణానికి సరిగ్గా ముందు వారంలో ఆ గోడ కూలింది. సరిహద్దు దాటగానే మా వాడు పనిగట్టుకుని జగిత్యాలలో ఉన్న వాళ్ళక్కకి వీడియో కాల్ చేసి, చీకట్లో బస్సు కిటికీలోంచి ఏమీ కనబడని నెదర్లాండ్స్‌ని చూపించాడు. "ఏం కనపడ్తలేదురా" అని ఆవిడ. "గదే నెదర్లాండ్స్ అక్కా" అని వీడు.

తెల్లారాక చూస్తే అంతా చదును. కొండ కాదు కదా, చిన్న మిట్ట కూడా లేదు. రోడ్డు పక్కనే కాలవ, గట్టు మీద వరసగా చెట్లు, కాలవలో నీళ్ళు పొలం కన్నా ఎత్తున పోతున్నట్టు కనబడటం. నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. గేదెలు లేవు, కొబ్బరి చెట్లు లేవు గానీ, తక్కినదంతా మా నరసాపురం కాలవ వెంట బస్సులో వెళ్తున్నట్టే ఉంది. ఆ మాట పైకి అన్నాను. "ఎక్కడికెళ్ళినా నీకు గోదావరి జిల్లాయే కనబడుద్ది" అంది వైజాగ్ అమ్మాయి.

బస్సు స్లోటర్‌డైక్ స్టేషన్ దగ్గర దింపింది. అక్కణ్ణించి రైలెక్కితే ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ కొద్ది నిమిషాలే. ఎర్ర ఇటుకల పెద్ద స్టేషను, 1889 నాటిది. బయటికి రాగానే సైకిళ్ళు. లెక్కపెట్టలేనన్ని సైకిళ్ళు. అక్కడ నడిచేవాడికి కారు కన్నా సైకిలే ప్రమాదం. ఎర్ర రంగు దారి సైకిళ్ళది. అందులో కాలు పెట్టావా, బెల్లు కొట్టరు, నేరుగా తిడతారు. మా వాడు ఫొటో కోసం అటే వెనక్కి వెనక్కి నడిచి ఒక పెద్దావిడ చేత డచ్చిలో గట్టిగా చీవాట్లు తిన్నాడు. ఆవిడ సైకిలు ముందు బుట్టలో కుక్కపిల్ల ఉంది. అదీ మొరిగింది.

డబ్బు పెట్టి చూసేవి ఆ రోజు మా లిస్టులో లేవు. నీమో అనే సైన్స్ మ్యూజియం కప్పు మీదికి టికెట్ లేకుండా ఎక్కనిస్తారు. పచ్చటి ఓడ ముక్కు నీళ్ళలోంచి పైకి లేచినట్టుంటుంది ఆ భవనం. ముందు అక్కడికి పోయాం. పైనుంచి చూస్తే పక్కనే రేవులో తెరచాపల పాత ఓడ ఒకటి. దాని పేరూ ఆమ్‌స్టర్‌డామే. డచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళ ఓడ 1749లో మొట్టమొదటి ప్రయాణంలోనే ఇంగ్లండ్ ఒడ్డున ఇరుక్కుని పోయింది. ఇది దానికి నకలు, తర్వాతెప్పుడో కట్టింది.

అక్కడ నిలబడి నేను కాస్త చరిత్ర పాఠం చెప్పాను, చెప్పక తప్పలేదు. 1602లో పుట్టిన ఆ కంపెనీ మన కోస్తాలో చాలా చోట్ల కాపురం పెట్టింది. మచిలీపట్నం, నరసాపురం, మా పాలకొల్లు, భీమునిపట్నం. మన నేతగాళ్ళ బట్టలు కొని, వాటిని తూర్పు దీవుల్లో ఇచ్చి, లవంగాలూ జాజికాయలూ తీసుకునేవాళ్ళు. నేను నాలుగేళ్ళు చదివిన కాకినాడలో జగన్నాథపురం వంతెన అవతల ఉన్న పేట కూడా వీళ్ళదే. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఆ వంతెన మీద ఎన్ని సాయంత్రాలు బజ్జీలు తిన్నానో, ఈ సంగతి మాత్రం జర్మనీ వచ్చాక చదివి తెలుసుకున్నాను.

"మా భీమిలిలో వీళ్ళ తాతల సమాధులున్నాయి. చిన్నప్పుడు వాటి దగ్గర ఫొటోలు దిగాను" అంది వైజాగ్ అమ్మాయి.

"మా కరీంనగర్‌కు ఎవలూ రాలే" అన్నాడు మా వాడు, కొంచెం నొచ్చుకున్నట్టు.

తర్వాత కాలవల వెంట నడక. హేరన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అని ఊరి చుట్టూ అర్ధచంద్రాకారంలో తవ్విన కాలవలు. పదిహేడో శతాబ్దం నాటివి. వాటి మీదికి సన్నటి ఇళ్ళు, కొన్ని ముందుకి వాలి ఉంటాయి. ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికో కొక్కెం. లోపల మెట్లు మరీ ఇరుకు కాబట్టి మంచాలూ బీరువాలూ ఆ కొక్కేనికి తాడు కట్టి బయటి నుంచే లాగి కిటికీలోంచి లోపలికి తోస్తారట. మా అదృష్టం కొద్దీ ఒక చోట నిజంగానే సోఫా ఒకటి గాల్లో వేలాడుతోంది. మేం ముగ్గురం అది కిటికీలో దూరేదాకా నిలబడి చూశాం. ఆ ఊళ్ళో నేను ఎక్కువసేపు చూసిన వింత అదే.

ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263 నంబరు ఇల్లు నాజీలకి దొరక్కుండా యూదుల పిల్ల ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇల్లు. టికెట్లు ఆన్‌లైన్‌లో ఎప్పుడో అయిపోయాయి. కాలవకి ఇవతలి గట్టు మీద నిలబడ్డాం. వైజాగ్ అమ్మాయిది సీబీఎస్‌ఈ, పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఆ పిల్ల రాసుకున్న డైరీ పాఠంగా ఉండేది. మాకు లేదు. 1942 జూలై నుంచి 1944 ఆగస్టులో పోలీసులొచ్చి పట్టుకెళ్ళేదాకా ఆ పిల్ల ఎలా గడిపిందో తనే చెప్పింది. పక్కనే ఉన్న చర్చి గంట అప్పుడే మోగింది. ఆ గంట గురించి కూడా డైరీలో ఉందంది. మా వాడు ఒక్క ప్రశ్న అడిగాడు: "రెండేండ్లు బయటికే రాలేదా?" తను రాలేదంది. ఆ తర్వాత వీధి మలుపు దాకా ఎవరం మాట్లాడుకోలేదు. మలుపు తిరగ్గానే వేడి వేడి స్ట్రూప్‌వాఫెల్ వాసన కొట్టింది. మధ్యలో పాకం పెట్టి నొక్కిన పల్చటి బిస్కట్టు అది. ఆకలి గుర్తొచ్చింది.

తిండి ఇంటి నుంచే తెచ్చుకున్నాం. చపాతీల్లో బంగాళాదుంప వేపుడు చుట్టి, ఫాయిల్‌లో పెట్టి. రైక్స్‌మ్యూజియం వెనకాల పెద్ద పచ్చిక మైదానంలో కూర్చుని తిన్నాం. ఆ మ్యూజియం కింద నుంచే సైకిళ్ళు పోయే సొరంగంలాంటి దారి ఉంటుంది. అందులో ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. లోపల రెంబ్రాంట్ గీసిన "నైట్ వాచ్" బొమ్మ ఉంది. టికెట్ అప్పట్లో 17.50 యూరోలు. "నైట్ వాచ్ రాత్రికి మనమే చేస్తం గదా, బస్టాండ్ల" అన్నాడు మా వాడు. లోపలికి పోలేదు.

మైదానంలో అప్పట్లో "ఐ ఆమ్‌స్టర్‌డామ్" అని మనిషి కన్నా ఎత్తున్న ఎరుపు తెలుపు అక్షరాలు ఉండేవి. వాటి మీద ఎక్కి కూర్చుని ఫొటో దిగనివాడు ఆ ఊరు వెళ్ళనట్టే లెక్క. ఒక అక్షరం ఖాళీ అయ్యేసరికి ఇంకో పాతికమంది కాచుకుని ఉంటారు. మా వాడు డి అక్షరం లోపల దూరి కూర్చున్నాడు. 2018 డిసెంబర్‌లో మున్సిపాలిటీ వాళ్ళు వాటిని అక్కణ్ణించి తీసేశారు. టూరిస్టుల తాకిడి ఊరికి భారమైపోయింది మరి. మా ఫొటో ఇప్పుడు పాత కాలం ఫొటోగా చలామణి అవుతోంది.

సాయంత్రం నాలుగున్నరకి మెట్రోలో బైల్మర్ అరీనా స్టేషన్‌కి. ఊరికి ఆగ్నేయంగా ఉంటుంది. టూరిస్టులకి కనబడే ఊరికీ దానికీ పోలికే లేదు. ఒక పక్క అయాక్స్ ఫుట్‌బాల్ స్టేడియం, దాని దగ్గరే నల్లటి చదరపు పెట్టెలా మా కచేరీ జరిగే జిగ్గో డోమ్. 2012లో తెరిచారు, 17,000 మంది పడతారు. స్టేషన్‌కి ఇంకో పక్కకి దిగితే మాత్రం మనుషులు మారిపోతారు. దక్షిణ అమెరికాలో సురినామ్ అని డచ్చివాళ్ళ వలస దేశం ఒకటుండేది. 1975లో దానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వేలమంది నెదర్లాండ్స్ వచ్చేశారు, చాలామంది ఈ బైల్మర్‌లో కుదురుకున్నారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. చెరకు తోటల్లో పని కోసం 1873 నుంచి కలకత్తా రేవులో ఓడలెక్కించి తీసుకెళ్ళిన ఉత్తరాది కూలీల మునిమనవలు.

నాకిదంతా అక్కడ రోటీ కొట్టు నడిపే పెద్దావిడ వల్ల తెలిసింది. కొట్టు బయట బోర్డు మీద రోటీ అని చూసి లోపలికి పోయాం. రోటీ, మసాలా బంగాళాదుంపలు, అలసంద కాయల కూర, ఉడికించిన గుడ్డు. కూర వాసన మనదే, రుచి ఇంకాస్త వేరు. ఆవిడ మా మొహాలు చూసి హిందీలాంటి భాషలో ఏదో అడిగింది. భోజ్‌పురికి దగ్గరగా ఉండే ఆ మాటని సర్నామీ అంటారట. నా హిందీ సంగతి చెప్పక్కర్లేదు. మా కరీంనగర్ వాడు అందుకున్నాడు. హైదరాబాదీ హిందీకీ సురినామ్ భోజ్‌పురికీ ఒక పావుగంట సంభాషణ నడిచింది. ఇద్దరికీ సగం అర్థమై ఉంటుంది, ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ ఇండియా ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ ముత్తాత ఏ ఊరి నుంచి ఓడెక్కాడో కాగితం ఉంది గానీ, ఆ ఊరు మ్యాపులో దొరకలేదంది. మేం ఎక్కడివాళ్ళమో చెప్తే "మద్రాసీ?" అంది. మా వాడు తెలంగాణ అంటే ఏంటో వివరించడం మొదలుపెట్టాడు. వైజాగ్ అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. క్యూ పెరిగిపోతోంది మరి.

క్యూలో జర్మన్, డచ్చి, ఫ్రెంచి, టర్కిష్, అన్ని భాషలూ వినిపిస్తున్నాయి. చాలామంది ఒంటి మీద వెలిసిపోయిన పాత టూర్ల టీషర్టులు. మా ముందు ఒక తండ్రీ కొడుకూ. తండ్రికి నలభై దాటి ఉంటాయి, పాటలు ఎక్కువ తెలిసింది ఆయనకే. తనిఖీ గట్టిగా ఉంది. మే 22న మాంచెస్టర్‌లో కాన్సర్ట్ అయిపోయి జనం బయటికి వస్తుంటే బాంబు పేలి 22 మంది చనిపోయారు. నెల కూడా కాలేదు. వైజాగ్ అమ్మాయి ఇంట్లో చెప్పకుండా వచ్చింది. వాళ్ళమ్మగారు టీవీలో ఆ వార్త చూసి, ఎక్కడా జనంలోకి వెళ్ళొద్దని ఒట్టు పెట్టించుకున్నారట. పొద్దుటి నుంచి ఆవిడ ఫోన్లకి "లైబ్రరీలో ఉన్నా" అనే జవాబు. నాకూ లోపల కాస్త బెరుకుగానే ఉండింది. గేటు దాటాక, ఎమర్జెన్సీ ఎగ్జిట్ ఎటుందో ముగ్గురం ఎవరికి వాళ్ళం చూసుకున్నాం. పైకి ఎవరం అనలేదు.

లోపల మాది నిలబడి చూసే టికెట్. డచ్చివాళ్ళు ప్రపంచంలోకెల్లా పొడుగైన జనాల్లో ఉంటారని చదివాను గానీ, దాని అర్థం ఆ హాల్లో తెలిసింది. నా ముందు వీపులు తప్ప ఏమీ లేవు. ఒక ఆరున్నర అడుగుల మనిషి వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, ఏమీ అనకుండా పక్కకి జరిగి, వైజాగ్ అమ్మాయిని ముందుకి పంపాడు. ఆమె ముందున్నవాడూ అంతే చేశాడు. అలా చేతులు మారుతూ తను కంచె దాకా పోయింది. మేమిద్దరం "మేం కూడా తనతోనే" అన్నట్టు నవ్వుతూ వెనకాలే వెళ్ళబోయాం. మమ్మల్ని ఎవరూ జరగనివ్వలేదు.

ఇక ఆ తర్వాత రెండు గంటలు. ఏ పాట తర్వాత ఏ పాటో నేను చెప్పలేను. నెట్‌లో ఉంటుంది, చూడొచ్చు. నాకు గుర్తున్నవి వేరే. మొదటి బీటు చెవుల్లో కాకుండా ఛాతీ ఎముకల్లో తగలడం. పక్కనున్న మనిషి చెమట నా చొక్కాకి అంటుకోవడం. చెస్టర్ ఒక్క చోట నిలబడకపోవడం. అంత సన్నటి మనిషిలోంచి అంత గొంతు ఎక్కణ్ణించి వస్తోందో అని వెతుక్కోవడం. వీడియోల్లో చూసి ఎప్పుడూ కోపంగా ఉంటాడనుకున్నాను. స్టేజీ మీద మైక్ షినోడాతో ఏదో అని పగలబడి నవ్వుతున్నాడు.

"క్రాలింగ్" పాటని ఆ టూర్‌లో డ్రమ్స్, గిటార్ లేకుండా ఒక్క పియానో మీద పాడేవాడు. మొదలవగానే మా వాడు నా చెవిలో "గిదేంది, క్రాలింగ్ గిట్ల పాడుతరా" అన్నాడు. మొదటి చరణం అయ్యేసరికి వాడూ పాడుతున్నాడు. హాస్టల్లో అరుపుల మధ్య మాకెప్పుడూ వినబడని మాటలు ఆ రోజు విడివిడిగా వినబడ్డాయి. "వన్ మోర్ లైట్" పాటప్పుడు ఫోన్ల లైట్లన్నీ వెలిగాయి. ఆ పాట దగ్గర అందరూ నన్ను ఆపి "అప్పుడేమనిపించింది" అని అడుగుతారు. నిజం చెప్పాలంటే కాళ్ళు పీకుతున్నాయి, దాహంగా ఉంది. అక్కడ మంచినీళ్ళకైనా ముందు టోకెన్లు కొనుక్కోవాలి, ఆ వరసలోకి పోతే చోటు పోతుంది. పాట బాగుంది. కచేరీలో ఒక నెమ్మది పాట వస్తే ఎవరికైనా ఉండే ఆలోచనలే నాకూ ఉన్నాయి.

"ఇన్ ది ఎండ్" మాత్రం వేరు. జనం మొత్తం ర్యాప్‌తో సహా పాడేశారు. కాకినాడలో నాకు అందని ఆ ర్యాప్ ఒక్క అక్షరం పొల్లుపోకుండా నా నోట్లోంచి వచ్చేస్తోంది. ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు. మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులోకి వీడియో పంపాను. ఇండియాలో అప్పటికి అర్ధరాత్రి దాటిపోయింది. అయినా టిక్కులు నీలంగా మారుతున్నాయి. ఒకడు "ఒరేయ్ పాపాత్ముడా" అని మాత్రం రాశాడు.

అయిపోయాక బయటికి వస్తే జూన్ నెల కాబట్టి ఆకాశంలో ఒక పక్క ఇంకా కాస్త వెలుతురుంది. వైజాగ్ అమ్మాయికి గొంతు పూర్తిగా పోయింది. ఏదో చెప్పబోతుంది, గాలి వస్తుంది. సైగలతోనే స్లోటర్‌డైక్ వెళ్ళే యాభయ్యో నంబరు మెట్రో ఎక్కించింది మమ్మల్ని. డబ్బా మొత్తం మాలాగే కచేరీ నుంచి వస్తున్నవాళ్ళే. ఎవరో ఒకరు ఒక లైన్ అందుకుంటారు, అవతలి చివర ఎవరో పూర్తి చేస్తారు. బస్సు ఆలస్యంగా వచ్చింది. ఎక్కీ ఎక్కగానే నిద్రపోయాం. ఐండ్‌హోవెన్‌లో ఆగిందట, నాకు తెలియదు. మధ్యాహ్నం ల్యాబ్‌లో ట్యూటర్ ఏదో ప్రశ్న అడిగితే వైజాగ్ అమ్మాయి నోరు తెరిచి చూపించి, కాగితం మీద జవాబు రాసిచ్చింది. మార్కులు తనకే ఎక్కువొచ్చాయి.

జూలై 20 గురువారం. పరీక్షల సీజను, సాయంత్రం లైబ్రరీలో ఉన్నాను. మా వాడు ఫోన్ చేసి "న్యూస్ చూసినవా" అన్నాడు. చెస్టర్ స్నేహితుడు, మే నెలలో చనిపోయిన సౌండ్‌గార్డెన్ బ్యాండు గాయకుడు క్రిస్ కార్నెల్ పుట్టినరోజు అదే రోజని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ముగ్గురం మా వంటింట్లో కూర్చున్నాం. అన్నం వండాం, తిన్నాం. అంతకు మించి చెప్పేదేం లేదు. అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో సంస్మరణ కచేరీ జరిగితే, మాకు తెల్లవారుజాము, అలారం పెట్టుకుని లేచి లైవ్ చూశాం. "నంబ్" పాట వచ్చినప్పుడు మైకు దగ్గర ఎవరూ నిలబడలేదు. జనమే పాడారు. మా కాలేజీ ఫెస్ట్ కన్నా బాగా పాడారు.

ఇప్పుడు ముగ్గురం మూడు చోట్ల. నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆ అమ్మాయి మ్యూనిక్‌లో, వాడు టెక్సాస్‌లో. 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కొత్త గాయనితో బ్యాండు మళ్ళీ మొదలైనప్పుడు మా గ్రూపులో పాత గొడవే మళ్ళీ లేచింది. ఇది లింకిన్ పార్కేనా అని వాడు, నలభై ఏళ్ళొచ్చినా పాత పాటేనా అని ఆమె. నాకు కొత్తావిడ గొంతు నచ్చింది. ఆ మాట గ్రూపులో అన్నందుకు వాడు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

వీటన్నిటికన్నా మొండి తగాదా ఇంకోటుంది. ఆ యూరప్ టూర్‌లో రికార్డు చేసిన పాటలతో 2017 డిసెంబర్‌లో ఒక లైవ్ ఆల్బం వచ్చింది. అందులో ఒక పాట మధ్యలో జనంలోంచి ఈల ఒకటి స్పష్టంగా వినబడుతుంది. అది తనదేనని మా వాడు ఇప్పటికీ వాదిస్తాడు. ఆ పాట రికార్డు చేసింది ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఇంకే ఊళ్ళోనో వాడికి అనవసరం. పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురికి కూడా హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాడట, వాళ్ళావిడే చెప్పింది. ఆ రాత్రంతా నేను వాడి పక్కనే నిలబడి ఉన్నాను. వాడికి ఈల వెయ్యడం రాదు.